ఇటిక్యాల కోసం తెరిచిన దారి

గద్వాలలో ఒక ల్యాబుకు తరన్నుమ్ కంప్యూటర్లు చూసుకునేది. రక్త పరీక్షల రిపోర్టులన్నీ అక్కడి సర్వర్‌లోనే ఉండేవి. ఇటిక్యాల సెంటర్‌లో వాటిని చూడాలంటే వీపీఎన్ అనే చాటు దారి గుండానే రావాలి. అట్లయితే మధ్యలో ఎవరి కంటా పడవు, బయటివాళ్లకు ఆ సర్వర్ జాడే దొరకదు.

ఆ పొద్దు వీపీఎన్ మొరాయించింది. ఇటిక్యాలలో రిపోర్టులిచ్చే అమూల్య ఫోన్ మీద ఫోన్ చేసింది.

"అక్కా, మంది మీద వడి ఒర్రుతుండ్రు. జర ఏదన్న చెయ్యి."

తరన్నుమ్ రిపోర్టులున్న డేటాబేస్‌ను నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచేసింది. పాస్‌వర్డ్ ల్యాబు పేరే. సాయంత్రం మూసేద్దామనుకుంది. పని సాఫీగా నడిచింది, అమూల్య మళ్లీ ఫోన్ చెయ్యలేదు, ఆ సంగతే మరిచిపోయింది.

కొన్నాళ్లకు సర్వర్ తెరిస్తే ఒక్క రిపోర్టూ లేదు. డబ్బులివ్వకుంటే అన్నీ బయటపెడతామని ఇంగ్లీషులో బెదిరింపు ఉంది. తరన్నుమ్ వెంటనే దారి మూసింది. పేషెంట్లకు చెబుదామంటే ఓనర్ రాఘవేందర్ ఒప్పుకోలేదు.

"పేరు చెడితే ల్యాబు మూతవడ్తది. నోరు తెర్వకు."

ఆమె తెరవలేదు.

డబ్బులు అందకపోయేసరికి దొంగలు అన్నంత పనీ చేశారు. రిపోర్టులు తిరిగి తిరిగి ఇటిక్యాల వాట్సాప్ గ్రూపుల్లో పడ్డాయి. చాయ్ హోటల్ కురుమూర్తికి హెచ్‌ఐవీ ఉందని ఊరంతా చదివింది. మందులు వాడుకుంటూ నిక్షేపంగా ఉన్న మనిషి. ఆ తర్వాత అతని హోటల్లో గ్లాసు ముట్టినవాడు లేడు.

అమూల్య ఆ మాట చెప్పగానే తరన్నుమ్ బస్సెక్కింది. హోటల్ ముందు కురుమూర్తి భార్య కిష్టమ్మ ఒక్కతే కూచుని ఉంది. పొయ్యి చల్లగా ఉంది.

"పెద్దమ్మా, నేను ల్యాబు నుంచి వచ్చిన. ఆ రిపోర్టులు బైటవడ్డది నా వల్లనే. దారి తెరిసి, మూసుడు మరిసిన."

కిష్టమ్మ లేచి నిలబడింది.

"పోయినయని ఎర్కైన నాడే ఎందుకు చెప్పలే? ఊరోళ్లు చదువకముందే మేమే ఏడికన్న పోతుంటిమి గద."

తరన్నుమ్ హోటల్ లోపలికి చూసింది. "పెద్దయ్య ఏడి?" అంది.

"తెల్వదు. మందులు ఈడ్నే ఇడిసి పోయిండు."

గద్వాలకు రాగానే తరన్నుమ్ ల్యాబు రిజిస్టర్‌లో నంబర్లు చూసి పేషెంట్లకు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి జరిగింది చెప్పింది. కొందరు తిట్టారు, కొందరు ఏడ్చారు. రాఘవేందర్ ఆమెను పనిలోంచి తీసేశాడు.

వానాకాలంలో కిష్టమ్మ ఫోన్ చేసింది. మందులు మానిన కురుమూర్తికి టీబీ ముదిరిందట, రాయచూరు దవాఖానలో పానం పోయిందట.

"మట్టి ఇయ్యనీకి ఎవ్వరు వస్తలేరు బిడ్డా. నువ్వన్న రా."

తరన్నుమ్ వెళ్లింది.