విసనకర్ర ఆగిన చోట

ఆదివారం చర్చి నుంచి వచ్చి పెద్దలు భోజనానికి కూర్చుంటే ఈగలు తోలే పని కోడలు మాసినాది. పెళ్లయిన తొమ్మిదేళ్లుగా అంతే. వారంలో అయిదు రోజులు ఆమె రాజధాని ఆపియాలో ఫోన్ల కంపెనీ ఇంజనీరు. నడుముకు తాడు కట్టుకుని టవరెక్కిందంటే కింద పదిమంది మగవాళ్లు ఆమె మాట కోసం మెడలు రిక్కించి చూస్తారు. ఆదివారం మాత్రం మామగారి ఆకు పక్కన చాప మీద కూర్చుని విసనకర్ర ఊపుతుంది. పెద్దలు లేచాక మిగిలింది తింటుంది. పుట్టింది సవాయి దీవిలో. ఈ ఊరికి కోడలు. కోడలికి ఇక్కడ చేతులుంటాయి, నోరుండదు.

ఆ రోజు పెద్దలు నీళ్ల మాట ఎత్తారు. సర్కారు కొత్త పైపు వేస్తుందట. ఊరంతటికీ నీళ్లు బాగానే వస్తున్నాయి, కొత్తది చర్చి ముందు నుంచి పోతే చాలునన్నాడు మామగారు, చేమదుంపను కొబ్బరిపాలలో ముంచుకుంటూ. అందరూ తలలూపారు.

మాసినా చెయ్యి ఆగింది. కొండవైపు పదకొండు ఇళ్లకు పొద్దుటిపూట చుక్క రాదు. ఆ ఇళ్ల కోడళ్లు కింది నుంచి బకెట్లు మోస్తారు. నిన్న శనివారం వాళ్లతో తనూ మోసింది, భుజం ఇంకా పచ్చిగానే ఉంది. సిగ్నల్ అందని ఇళ్లెక్కడున్నాయో తిరిగి చూసి, పటం మీద నల్లరంగు వేసి చూపించడమే తన ఉద్యోగం. ఫోను మోగని ఇంటికి పటముంది. కుండ నిండని ఇంటికి లేదు. ఇన్నాళ్లూ ఈ రెండూ తన బుర్రలో పక్కపక్కనే ఉండి ఎందుకు కలుసుకోలేదో ఆమెకు అంతుపట్టలేదు.

"ఈగలు, కోడలా," అన్నది అత్తగారు, మెత్తగానే.

మాసినా మళ్లీ విసరడం మొదలుపెట్టింది. కానీ విసురు జోరందుకుంది. కోపం కాదది. టవరు మొదట్లో నిలబడి పైకి చూసినప్పుడు అరికాళ్లలో పుట్టే ఝల్లు. సవాయిలో ఊళ్ల నీళ్ల పని చూడ్డానికి మనుషులు కావాలని సర్కారు వేసిన కాగితం నెలరోజులుగా ఆమె పనిముట్ల సంచిలో మడతపెట్టి ఉంది. మర్నాడు దాన్ని తీసి నింపింది. మూడు వారాల్లో రమ్మని కబురొచ్చింది.

ఇంట్లో చెబితే తలా ఒక మాట అన్నారు. ఆకాశంలో పని వదిలేసి బురద తొక్కుతావా అన్నాడు భర్త సోలోమోనా. ఇంజనీరు కోడలని ఊళ్లో చెప్పుకున్నాం, రేపు కుళాయిల మనిషని చెప్పుకోవాలా అన్నది అత్తగారు. నెలకోసారి పడవెక్కి వస్తానంది మాసినా. సోలోమోనా నిజంగానే తెలియక అడిగాడు.

"మరి ఆదివారాలు ఎవరు విసురుతారు?"

మాసినాకు నవ్వొచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. వెళ్లకూడదేమోనని మనసు మూల ఎక్కడో మిగిలిన బెరుకు ఆ నవ్వుతో కొట్టుకుపోయింది.

"నీకూ రెండు చేతులున్నాయిగా," అని సంచి సర్దుకుంది.

మొదటి పని పుట్టిన ఊళ్లోనే పడింది. ఇక్కడ ఆమె ఊరి ఆడపడుచు. కూర్చుంటే ముందు వరసలో స్తంభానికి ఆనుకుని కూర్చోవాలి, మాట్లాడితే పెద్దలైనా వినాలి. మూడు రోజులు పెద్దల వెంట ఊరంతా తిరిగి, వాళ్లు చెప్పినట్టల్లా పటం గీసింది. నాలుగో రోజు నాన్న ఇంట్లో ఆడపడుచుల సమావేశం. ఆ పటం ఆ పూటే నీళ్ల శాఖకు వెళ్లాలి. అందులో ఉన్న ఇంటికే పైపు.

మేనత్త సీనా కాల్చిన చేపను ఆమె ముందుకు జరిపింది. మాసినా పటం పరిచి మాట్లాడసాగింది. తన గొంతు తనకే కొత్తగా, తియ్యగా ఉంది. చల్లగా గాలి తగులుతోంది. ఈ ఇళ్లకు నీళ్లు అందుతున్నాయి గనక వీటిని వదిలేద్దాం అని కొండవైపు వేలు పెట్టి చూపించింది.

గాలి ఆగింది. చేప మీద ఈగ వాలింది.

"ఈగలు, ఎసెటా," అన్నది మేనత్త, మెత్తగానే.

మాసినా తల తిప్పి చూసింది. విసనకర్ర పట్టుకుని తమ్ముడి భార్య ఎసెటా, తలొంచుకుని. ఏడాదికి రెండుసార్లు పుట్టింటికి వచ్చి, ఇదే చోట కూర్చుని, ఇలాంటి చేపే తిన్నది తను. ఆ గాలి ఎవరి చేతిదో ఒక్కసారీ చూడలేదు. ఈ మూడు రోజులూ నీళ్ల సంగతి తాగేవాళ్లను అడిగింది, మోసేవాళ్లను అడగలేదు. మామగారు చేసిన తప్పే తనూ చేసింది, పటం గీసి మరీ.

"ఎందుకాపావు?" అని అడిగింది.

"చెయ్యి నొప్పి, వదినా."

"అబద్ధం. నాదీ తొమ్మిదేళ్ల అలవాటే. నొప్పి పుడితే చెయ్యి మారుస్తాం, ఆపం."

ఎసెటా పెదవి చివర కదిలింది. మేనత్త వైపు చూసి మళ్లీ తలొంచుకుంది. మాసినా లేచి వెళ్లి ఆమె పక్కన కూలబడి, విసనకర్ర లాక్కుని పెన్సిలు చేతిలో పెట్టింది.

"ఇదేం పనే? ఊరి ఆడపడుచువి, కోడలికి నువ్వు విసరడమేమిటి?" అన్నది మేనత్త.

మాసినా విసురుతోంది.

ఎసెటా పటాన్ని తన వైపు తిప్పుకుంది. కొండవైపు ఇళ్ల మీద అడ్డంగా గీత కొట్టింది.

"పైపు ఇక్కడే పగిలింది, వదినా. వేసిన ఏడాదే. దీనికి పైన తొమ్మిదిళ్లు. మేం వాగు నుంచి తెస్తాం."

"పది. మాది మరిచిపోయావు," అని వంటపాకలోంచి ఎవరో అన్నారు. తడిచేతులు తుడుచుకుంటూ ఒక కోడలు వచ్చింది, ఆమె వెనక ఇద్దరు, ఇంకొకరు. వంగి, వేళ్లు పెట్టి, ఒకరి మాటకొకరు అడ్డం వస్తున్నారు. అంత ఎత్తు టవరు తనెప్పుడూ ఎక్కలేదనిపించింది మాసినాకు.

ఇంతమందికి ఒక్క విసనకర్ర చాలడం లేదు. రెండోది చూరులో దోపి ఉంది. దాన్ని అందుకుని ఆమె స్తంభానికి ఆనుకుని కూర్చున్న మేనత్త వైపు చాచింది.

"అత్తా, ఇది పట్టుకో."