ఎండ గీసిన గీత

ఎండ ఇంకా పిట్టగోడ ఎక్కలేదు. ఖోడాభాయ్ పాత ధోతీ గుడ్డతో గాజు గోళాన్ని నాలుగుసార్లు తుడిచి, ఐదోసారికి ముందు దానిమీద నోటితో ఆవిరి ఊదాడు. పావురాల రెట్ట గోటితో గీకాడు. జనవరిలో తెగిన గాలిపటం దారం ఒకటి ఇంకా ఇనుప స్తంభానికి వేలాడుతుంటే తెంపి జేబులో వేసుకున్నాడు. నిన్న సాయంత్రం గాడిలోకి తోసిన నీలం కార్డు సరిగా కూర్చుందో లేదో బొటనవేలితో తడిమి చూశాడు. ఆ వేలి కొసన ఆవగింజంత మచ్చ ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక మధ్యాహ్నం గోళం వెనక వేలు పెట్టి చూశాడు. అప్పుడు పడిన మచ్చ ముప్పై ఒక్క ఏళ్ళయినా పోలేదు.

ఆయన పని చెప్పుకోదగ్గంత పెద్దదేం కాదు. పెద్ద బత్తాయంత ఉండే ఆ గోళంలోంచి దూరిన ఎండ వెనక ఉన్న కార్డుని కాలుస్తుంది. సూర్యుడు నడిచినంతసేపూ గోధుమరంగు గీత నడుస్తుంది. మబ్బు అడ్డొస్తే గీత ఆగిపోతుంది, మబ్బు పోతే మళ్ళీ మొదలవుతుంది. పొద్దుగూకాక ఆ కార్డు తీసి, గీత పొడవు కొలిచి, ఇన్ని గంటలు ఎండ కాసిందని రిజిస్టర్లో రాయాలి. రేపటి కార్డు పెట్టాలి. డాబా తలుపుకి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని, సైకిలెక్కి వాడజ్‌లోని ఇంటికి పోవాలి.

సన్నటి మనిషి. చొక్కా చేతులు మోచేతుల దాకా ఒకే కొలతకి మడిచి ఉంటాయి. ఎండలోకి చూసీ చూసీ కళ్ళ చివర్ల ముడతలు పడ్డాయి. ఆ ముడతల లోపల మాత్రం చర్మం తెల్లగా ఉంది. నవ్వితే ఆ తెలుపు దాక్కుంటుంది. ఆ రోజు ఏప్రిల్ ముప్పై. ఆయన ఉద్యోగానికి ఆఖరి రోజు.

కింద రెండంతస్తుల్లో దేశదేశాల పిల్లలు చదువుకునేవాళ్ళు. ఉపగ్రహాలు పంపిన బొమ్మల్లో గాలినీ వాననీ చదవడం తొమ్మిది నెలల్లో నేర్చుకుని, తమ దేశాల వాతావరణ ఆఫీసులకి తిరిగి వెళ్ళేవాళ్ళు. మొదటి వారంలో అందరూ డాబా ఎక్కి గోళం పక్కన ఫోటోలు దిగేవాళ్ళు. తరవాత కంప్యూటర్ల ముందు కూర్చుంటే మళ్ళీ ఇటు వచ్చేవాళ్ళు కాదు. మంగోలియా నుంచి వచ్చిన ఓయున్ ఒక్కతే వచ్చేది. క్యాంటీన్ వాళ్ళకి ఓయున్‌బెన్, అంటే ఓయున్ అక్క. చాయ్‌లో చక్కెర బదులు ఉప్పు వేసుకునే పిల్లని క్యాంటీన్ వాళ్ళెవరూ మరిచిపోలేరు.

ఆ ఉదయం కూడా రెండు చేతుల్లో రెండు కప్పులతో, భుజంతో తలుపు నెట్టుకుని వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి.

"మీది తియ్యటిది, నాది మంచిది," అంది తనకొచ్చిన హిందీలో.

ఖోడాభాయ్ చాయ్ సాసర్లో పోసుకున్నాడు. "నిద్రపోలేదా బేటా?"

"మీ గోళం నన్ను చంపేసేలా ఉంది కాకా."

"అదేం చేసింది పాపం? పొద్దస్తమానం ఎండలో కూర్చోవడమే కదా దాని పని."

"పదేళ్ళ వేసవుల్లో మధ్యాహ్నం పూట పుట్టిన మబ్బులు పదకొండు ఏరాను. ఏది దట్టమైన మబ్బో, ఏది ఎండని వదిలేసే పలచటి మబ్బో ఉపగ్రహం బొమ్మ చూసి చెప్పే లెక్క నాది. మీ రిజిస్టరుతో పోల్చాను. పది సరిపోయాయి. అన్నిటికంటే పెద్ద మబ్బు దగ్గర తప్పు వచ్చింది. నా లెక్క దట్టమైన మబ్బంటుంది. మీ రిజిస్టరేమో రోజంతా ఎండ అంటుంది."

"ఝవేరి సాహెబ్‌ని అడిగావా?"

ఓయున్ కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, తన గైడు గొంతు పెట్టింది. "'అమ్మాయీ, ఖోడాభాయ్ రిజిస్టరు తప్పనడమంటే సబర్మతి ఎదురు పారిందనడమే. లేని మబ్బుని చూసే లెక్క పట్టుకెళ్ళి మీవాళ్ళకేం చెప్తావు?'"

ఖోడాభాయ్ నవ్వాడు. ఆ పిల్ల నవ్వలేదు.

"రేపే అందరి ముందూ చెప్పాలి. తప్పెక్కడుందో చూపించకపోతే ఒప్పుకోనన్నారు. మా ఊళ్ళలో మబ్బుని బట్టే పశువుల మందల్ని కదిలిస్తారు కాకా. నా లెక్క తప్పయితే వాళ్ళ చేతుల్లో పెట్టకూడదు. అది నాకూ తెలుసు. కానీ నెల్లాళ్ళుగా వెతుకుతున్నా, తప్పు కనిపించడం లేదు."

"ఏ రోజది?"

"ఏడేళ్ళ కిందట. మే ఇరవై మూడు."

సాసర్లో చాయ్ కొంచెం ఒలికింది. ఖోడాభాయ్ దాన్ని గోళం తుడిచే గుడ్డతో తుడిచాడు. ఆ గుడ్డని ఆయన మరో పనికి వాడగా ఎవరూ చూడలేదు.

ఎనిమిదిన్నరకి కిందికి దిగి, ఆవరణలోని థర్మామీటర్లు చూశాడు. గాలిలో తేమ చెప్పే తడి థర్మామీటరుకి కొత్త గుడ్డ చుట్టి, గిన్నెలో నీళ్ళు నింపాడు. మెట్ల కింద నిలబడ్డాడు. ఝవేరి సాహెబ్ గది దాకా వెళ్ళి, తిరిగొచ్చాడు. సాయంత్రం నాలుగింటికి సన్మానం. శాలువా, కొబ్బరికాయ, పటికబెల్లం పొట్లం తెచ్చి పెట్టారని ప్యూను చెప్పాడు. ఒక్క పూట. నోరు మూసుకుంటే ఆయన పేరు ఆయనతో భద్రంగా ఇంటికి వెళ్తుంది. ఎవరూ అడగరు. తప్పు ఆ పిల్లది అవుతుంది.

ఏడేళ్ళ కిందటి ఆ మేలో ఆయన భార్య రేవాని పెద్దాసుపత్రిలో చేర్చారు. రెండు రోజులు ఖోడాభాయ్ ఆమె మంచం పక్కనుంచి లేవలేదు. థర్మామీటర్లు చూడమని ఇంకొకరికి కబురు పెట్టాడు గాని, గోళాన్ని ఎవర్నీ ముట్టుకోనిచ్చే అలవాటు ఆయనకి లేదు. డాబా తాళంచెవి ఆయన జేబులోనే ఉండిపోయింది. రేవా పోయిన మర్నాటి సాయంత్రం ఎందుకు వచ్చాడో తెలియకుండానే వచ్చి తాళం తీశాడు. ఒకే కార్డుని సూర్యుడు మూడు రోజులు కాల్చాడు. ఒక రోజు గీత మీద ఇంకో రోజు గీత పడి కార్డుకి చీలిక పడింది. ఖోడాభాయ్ నిలబడే రిజిస్టరు తెరిచి మూడు రోజులకీ మూడు అంకెలు వేశాడు. పది గంటల చిల్లర. అహ్మదాబాద్‌లో మే నెల ఎండకి సాక్ష్యం దేనికి అనుకున్నాడు. కార్డు మాత్రం పారెయ్యడానికి చేయి రాలేదు.

పన్నెండింటికి డాబా గదిలో రేకు పెట్టె అడుగునుంచి ఒక కవరు తీసి, మెట్లు దిగాడు. ఈసారి తలుపు తట్టాడు. లోపల ఝవేరి సాహెబ్ ఎదురుగా ఓయున్ కూర్చుని ఉంది.

"రండి పెళ్ళికొడుకు గారూ!" అన్నాడు ఝవేరి. "మీ మీద ఉపన్యాసమే రాస్తున్నా. ముప్పై ఒక్క ఏళ్ళు, ఒక్క అంకె తప్పు లేదు అని మొదలెట్టా. బాగుందా?"

"కొట్టెయ్యండి సాహెబ్."

"ఏంటి?"

"ఆ వాక్యం కొట్టెయ్యండి. ఇరవై రెండు, ఇరవై మూడు, ఇరవై నాలుగు. ఆ మూడు రోజులూ నేను లేను. అంకెలు నేను కల్పించాను. ఈ అమ్మాయి లెక్కలో తప్పు లేదు."

ఝవేరి పెన్ను మూత పెట్టి, మళ్ళీ తీశాడు.

"ఈ మాట ఇవాళే చెప్పాలా ఖోడాభాయ్? రేపైతే మీరు ఇక్కడ ఉండేవాళ్ళే కాదుగా."

"అందుకే సాహెబ్. రేపైతే చెప్పడానికి నేనుండను."

కవర్లోంచి కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. ఓయున్ దాన్ని కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుంది. కార్డు మీద అచ్చువేసిన గంటల గీతల వెంబడి వేలు పోనిచ్చి, ఒకచోట ఆగింది.

"కాకా, ఇది చూశారా? పొద్దుట నుంచి చీలిక వెడల్పుగా ఉంది, మూడుసార్లు కాలింది. ఒంటిగంట నుంచి మూడున్నర దాకా చూడండి. సన్నగా ఉంది. అక్కడ రెండుసార్లే కాలింది."

ఝవేరి కుర్చీలోంచి లేచాడు. కార్డు తీసుకుని, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి చూశాడు. "ఒక రోజు ఆ రెండున్నర గంటలూ ఎండ లేదు," అన్నాడు మెల్లగా. "మీరు రాయకపోయినా ఇది రాసిపెట్టుకుంది, ఖోడాభాయ్."

ఏడేళ్ళు ఆ కార్డు ఆయన పెట్టెలో ఉంది. ఒక్కసారీ వెలుగుకి పట్టి చూడలేదు.

"బేటా," అన్నాడు. "ఇరవై మూడు, మధ్యాహ్నం రెండున్నర. ఆ బొమ్మ ఉందా నీ దగ్గర?"

ఓయున్ తన కంప్యూటర్ ఆయన వైపు తిప్పింది. నలుపు తెలుపు బొమ్మ. ముప్పై ఆరువేల కిలోమీటర్ల ఎత్తునుంచి కన్నార్పకుండా చూసే ఉపగ్రహం తీసింది. ఖంభాత్ అఖాతం నల్లటి నాలుకలా నేలలోకి చొచ్చుకొచ్చింది. పైన అంతా బూడిదరంగు, ఎండకి మాడిన గుజరాత్. అరగంటకొక బొమ్మ మారుతోంది. పన్నెండింటికి ఏమీ లేదు. పన్నెండున్నరకి పేలిన జొన్నగింజంత తెల్లచుక్క. ఒంటిగంటకి గింజ చుట్టూ గింజలు. ఒంటిగంటన్నర. రెండు. తెలుపు పొంగుతూ, అంచులు విచ్చుకుంటూ వచ్చి, రెండున్నరకి ఊరంతటినీ కప్పేసింది.

"మనం ఇక్కడ," అని ఓయున్ ఆ తెలుపు నడుమ వేలు పెట్టింది.

ఖోడాభాయ్ వంగాడు. ఆ తెలుపు కింద ఆసుపత్రి ఉంది. ఆసుపత్రిలో కిటికీ పక్కన ఇనప మంచం ఉంది. మంచం మీద రేవా, ఆమె పాదాల దగ్గర తాను. అప్పుడు గది పొయ్యిలా ఉంది. రేవా ఉన్నట్టుండి కళ్ళు తెరిచి, "చల్లబడింది కదూ? కిటికీ తెరువు," అంది. ప్రాణం చల్లబడుతోందనుకున్నాడు. కిటికీ తెరవలేదు. దుప్పటి కప్పి, పాదాలు రుద్దుతూ కూర్చున్నాడు. పది నిమిషాలకి ఆమె పోయింది. చివరి మాట భ్రమలో అన్నదనే ఏడేళ్ళూ అనుకున్నాడు.

రేవాకి తగిలింది మబ్బు నీడ. బతికున్న మనిషిలా, తన ఒంటికి తెలిసిందే చెప్పింది.

అంత ఎత్తున ఒక కన్ను ఆ మధ్యాహ్నాన్ని చూసింది. డాబా మీద ఒక గాజుముద్ద, మనిషన్నవాడు లేకపోయినా, ఆ నీడని రాసి పెట్టింది. రోజూ తల పైకెత్తి ఆకాశం చూడటమే పనిగా బతికినవాడు తానొక్కడే ఆ రోజు చూడలేదు.

"పెద్ద మబ్బే," అన్నాడు ఖోడాభాయ్.

"చాలా పెద్దది కాకా."

"చల్లటి గాలి వచ్చి ఉంటుందా?"

ఓయున్ ఆయన ముఖంలోకి చూసింది. ఎందుకని అడగలేదు. "వచ్చే ఉంటుంది. అలాంటి మబ్బు కింద గాలి ఉంటుంది."

ఆయన తలూపి, రిజిస్టరు తెరిచి, ఎర్ర సిరాతో మూడు అంకెల్నీ కొట్టేశాడు. పక్కన మూడుచోట్లా 'చూడలేదు' అని రాసి, ఆ రోజు తారీఖు వేసి సంతకం పెట్టాడు. పక్కన ఝవేరి సంతకం పెట్టాడు. కార్డుని ఆ పేజీకే గుండుసూదితో గుచ్చారు.

సన్మానంలో ఝవేరి ఉపన్యాసం పొట్టిగా సాగింది. "ముప్పై ఒక్క ఏళ్ళలో మూడు రోజులు ఈయన ఎండని చూడలేదు. అది నాకు చెప్పింది కూడా ఈయనే," అని శాలువా కప్పాడు. విషయం తెలియనివాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఓయున్ చాయ్ కప్పు తెచ్చి చేతిలో పెట్టింది. ఉప్పు వేసింది. ఖోడాభాయ్ ముఖం చిట్లించకుండా మొత్తం తాగాడు.

"నిజం చెప్పండి కాకా, బాగుందా?"

"ఘోరంగా ఉంది బేటా. రేపు నువ్వు గెలిచి రా, ఇంకో కప్పు తాగుతా."

పొద్దుగూకాక డాబా ఎక్కాడు. ఆ రోజు కార్డు తీసి కొలిచాడు. పది గంటల నలభై నిమిషాలు, ఎక్కడా తెగలేదు. రేపటి కార్డు గాడిలోకి తోశాడు. తలుపు మూసి తాళం వేశాడు. తాళంచెవిని అలవాటుగా జేబులో వేసుకోబోయి, ఆగి, ఎవరికైనా అందేటట్టు తలుపు పక్కన మేకుకి తగిలించాడు. సైకిల్ హ్యాండిల్‌కి కొబ్బరికాయ సంచీ కట్టుకుని, గేటు దాటి, వాడజ్ వైపు వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున ఓయున్ అందరి ముందూ చూపించడానికి తీసుకెళ్ళేదాకా, రిజిస్టరు కిటికీ పక్క బల్ల మీద తెరిచే ఉంది. గుచ్చిన కార్డు గాలికి కొంచెం పైకి లేచింది. దాని చీలికలోంచి లేత ఎండ కాగితం మీద పడి ఒక గీతయింది. వెడల్పుగా మొదలై, రెండున్నర గంటల మేర సన్నబడి, మళ్ళీ విచ్చుకున్న గీత.