రేవు అవ్వ

ప్రతాప్ ఆ అంగడికి వెళ్ళింది చొక్కాగుడ్డ కోసం. చిత్తూరు బజారువీధిలో అదొక చిన్న బట్టల అంగడి. గల్లాపెట్టె వెనక కూర్చున్న మనిషి పుస్తకంలోంచి తల ఎత్తలేదు. ప్రతాప్ వంగి ఆ పుస్తకం అట్ట చూసి వచ్చిన పని మరిచిపోయాడు. అది 'ఉప్పు రేవు'. ఎప్పుడో అతని నాయన చిన్నతనంలో జపాన్‌లో అచ్చయిన బొమ్మల కథ. దాని ఇంగ్లీషు సంపుటాలు మద్రాసులో పాత పుస్తకాల అంగళ్ళలో దొరికితే దొరికినట్టు, లేకుంటే లేదు. ఈ చుట్టుపక్కల దాన్ని చదివేవాణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటూ ఉన్న ప్రతాప్‌కు ఆ రోజు ఇంకొకడు దొరికాడు. అతని పేరు బాలచంద్ర. అంగడి మూసేదాకా ఇద్దరూ ఆ రేవు గురించే మాట్లాడుకున్నారు. చొక్కాగుడ్డ మాట ఇద్దరికీ గుర్తు రాలేదు.

అది రెండువేల రెండో సంవత్సరం. ప్రతాప్‌ది బంగారుపాళ్యం దగ్గర పల్లె, మామిడితోటలున్న కుటుంబం. అతను చిత్తూరులో ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పేవాడు. ఇలాంటి పుస్తకాలను మాంగా అంటారని ఇంట్లో చెబితే, సగం అరవం మాట్లాడే వాళ్ళ నాయన పడీపడీ నవ్వి, అరవంలో మాంగా అంటే మామిడికాయ, మన తోట నిండా వేలాడేది అదే గదా, దాన్ని చదివేదేంది, కోసి పంపించాలగానీ అన్నాడు.

కథ మాత్రం నవ్వొచ్చేది కాదు. సముద్రం ఒడ్డున ఉప్పు వండుకుని బతికే ఒక రేవు. అక్కడ ఒక అవ్వ. ఆమె కొడుకు ఒకనాడు పడవెక్కి పోయి తిరిగిరాడు. అవ్వ రోజూ సందెవేళ ఒడ్డున దీపం పెడుతుంది. చుట్టూ ఉన్నవాళ్ళ పెళ్ళిళ్ళు, చావులు, కరువులు అన్నీ జరిగిపోతూ ఉంటాయి. దీపం వెలుగుతూనే ఉంటుంది. ఆఖరి సంపుటంలో ఒక సాయంత్రం అవ్వ తానే దాన్ని ఆర్పేస్తుంది. మిగిలిన నూనె బాండలిలో పోసి చేపలు వేయించి, వీధిలో పిల్లలందరినీ పిలిచి పెడుతుంది. చివరి పేజీలో ఒక్క మాట కూడా ఉండదు. బాండలి మీద పొగ, అంతే.

ఈ పిచ్చి ఉన్నవాళ్ళు మెల్లగా ఒకరికొకరు దొరికారు. తిరుపతిలో యూనివర్సిటీలో చదివే రూపశ్రీ ఇంటర్నెట్ సెంటర్ ద్వారా తెలిసింది. మదనపల్లె నుంచి ఇద్దరు, వేలూరు నుంచి ఒకరు వచ్చి కలిశారు. వాళ్ళకు వాళ్ళే రేవు బ్యాచ్ అని పేరు పెట్టుకున్నారు. ఆదివారాలు తిరుపతిలో కలిసేవాళ్ళు. లేని సంపుటాలకు జిరాక్సులు తీయించేవాళ్ళు. అవ్వ ముఖంలో ఒక గీత ఎందుకలా వంగిందని టీలు చల్లారిపోయేదాకా వాదించుకునేవాళ్ళు. అందరికంటే ఎక్కువ వాదించేది బాలచంద్రే. ఆఖరి సంపుటం గురించి ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే అతనికి కోపం వచ్చేది. అంత స్నేహంలో ఎవరి ఇంటి సంగతులు ఎవరూ అడిగింది లేదు. అడగాలని తోచలేదు కూడా.

రెండేళ్ళు పోయాక ఆ కథను జపాన్‌లో సినిమాగా తీశారని తెలిసింది. మద్రాసులో ఉన్న రూపశ్రీ బంధువు ఎలాగో దాని డిస్క్ సంపాదించి పంపాడు. దాన్ని ఎవరికి వాళ్ళు ఇంట్లో చూసుకోకూడదని, అందరినీ పిలిచి చిత్తూరులోనే తెర కట్టి వేద్దామని ప్రతాప్ పట్టుబట్టాడు. కథ తెలియనివాళ్ళు కూడా రావాలన్నాడు. తెర కింద పడే ఇంగ్లీషు మాటలను తాను మైకులో తెలుగులో చెబుతానన్నాడు. బాలచంద్ర అందరికంటే ఎక్కువ సంబరపడ్డాడు. వాళ్ళమ్మను తీసుకొస్తానన్నాడు.

"మా యమ్మకు ఈ కతంతా తెలుసప్పా. నేనే సెప్పినాను, పేజీ పేజీ సూపించి" అన్నాడు.

ఆదివారం పొద్దున కంప్యూటర్ సెంటర్ మేడ మీద హాల్లో కిటికీలకు బాలచంద్ర అంగడి నుంచి తెచ్చిన నల్లగుడ్డ కట్టారు. బాలచంద్ర వాళ్ళమ్మ వరదమ్మ ముందు వరసలో కూర్చుంది. బక్కపలచటి మనిషి, చేతిలో గుడ్డసంచి. సినిమా మొదలైంది. తాము తడిమి తడిమి చదివిన పేజీలు కదులుతుంటే రేవు బ్యాచ్ ఒకరినొకరు మోచేతులతో పొడుచుకుంటూ కూర్చుంది. ప్రతాప్ గొంతు తడి ఆరిపోతున్నా ఆపకుండా చెబుతూ పోయాడు.

అవ్వ దీపం ఆర్పింది. ఇక బాండలి, పొగ రావాలి. అందరూ దానికోసమే చూస్తున్నారు. కానీ తెర మీద సముద్రం వచ్చింది. తెడ్డు చప్పుడు. ఒక పడవ. ప్రతాప్ తెల్లబోయాడు, అయినా కింద మాటలు పడుతూనే ఉన్నాయి, అతని నోరు వాటి వెంట పోతూనే ఉంది. తల నెరిసిన ఒక మనిషి మోకాటిలోతు నీళ్ళలో దిగి నిలబడ్డాడు. అతను అన్న మాటను పుస్తకాల తెలుగులో చెప్పడం ప్రతాప్‌కు మనసొప్పలేదు. తమ ఇళ్ళల్లో ఎలా అంటారో అలాగే, గొంతులో కాస్త వణుకు కూడా పెట్టి చెప్పాడు.

"నేనొచ్చినానమ్మా."

బాలచంద్ర లేచి నిలబడ్డాడు. అతని నీడ తెర మీద పడింది. వెనక నుంచి ఎవరో కూర్చోమని కసిరారు. కూర్చున్నాడు.

కిటికీల గుడ్డలు విప్పాక గొడవ మొదలైంది. ముగింపు పాడుచేశారని రూపశ్రీ మండిపడింది. కథ తెలియనివాళ్ళు కళ్ళు తుడుచుకుంటున్నారు. ప్రతాప్ సినిమా పక్షాన నిలిచాడు. అంత ఎదురుచూసిన ముసలిదానికి ఆ మాత్రం సుఖం ఇస్తే ఏం పోయింది అన్నాడు. బాలచంద్ర ఏమంటాడో అని చూస్తే తల్లీకొడుకులిద్దరూ అప్పటికే వెళ్ళిపోయారు.

ఆ తర్వాత బాలచంద్ర ఆదివారాలకు రావడం మానేశాడు. ముగింపు నచ్చక అలిగాడనుకుని, నాలుగు మాటలు వాదించి సమాధానపరుద్దామని ప్రతాప్ అంగడికి వెళ్ళాడు. బాలచంద్ర తాను మడుస్తున్న గుడ్డ పక్కన పెట్టకుండానే విన్నాడు. విన్నాక అడిగాడు.

"మా యన్న సంగతి నీకెప్పుడూ సెప్పలేదు గదా?"

ప్రతాప్‌కు అతనికొక అన్న ఉన్నాడనే తెలియదు. పేరు ఏకాంబరం అట. ఇంటర్ తప్పిన ఏడు, కొండకు పోయి తలనీలాలిచ్చి వస్తానని బస్సెక్కినాడు, మళ్ళీ రాలేదు. పోలీసులు చూశారు, పేపర్లో ఫోటో వేశారు. వరదమ్మ మాత్రం శనివారం శనివారం తిరుమలకు పోయి కల్యాణకట్ట బయట నిలబడేది. వాన కురిసినా, జ్వరమొచ్చినా పోయేది. ఆ దిగులుతోనే వాళ్ళ నాయన చనిపోయాడు. ఎవరు చెప్పినా ఆమె వినలేదు.

"అప్పుడు నాకీ పుస్తకం దొరికింది" అన్నాడు బాలచంద్ర. "దినమూ అన్నాలు తిన్నాక కొంచెం కొంచెం సెప్పినాను. ఆ యవ్వ దీపం ఆర్పేసిన బొమ్మను సానాసేపు సూసింది. ఆ శనివారం కొండకు పోలా. మళ్ళీ శనివారమూ పోలా. పోవడమే మానేసింది."

 "ఇప్పుడు?" అన్నాడు ప్రతాప్.

"మొన్న శనివారం పోయింది. నాకు సెప్పకుండా తెల్లారక ముందే లేసి పోయింది. నేను మా యమ్మ వెంట పోనప్పా. పోతే నేనూ నమ్మినట్టు అవతాది."

తర్వాతి శనివారం ప్రతాప్ తిరుపతి బస్టాండులో కాచుకున్నాడు. వరదమ్మ అతణ్ణి గుర్తుపట్టింది. మైకులో చెప్పిన పిల్లోడివి గదా అని ముఖమంతా నవ్వింది. ఆమెతో కొండ బస్సెక్కి, ఆ నవ్వు చూడలేక అతను కిటికీ వైపు తిరిగాడు.  ఘాట్ రోడ్డు మలుపుల్లో ఆమె సంచిలోంచి నిమ్మకాయ తీసి వాసన చూస్తూ కూర్చుంది.

కల్యాణకట్ట బయట జనం, తడి బట్టలు, గంధం పూసుకున్న గుండ్లు. ఆమె ఒక పక్కగా నిలబడి, బయటికొచ్చేవాళ్ళను ముఖం కాదు, వెనక తల చూస్తోంది. చిన్నప్పుడు మెట్ల మీద పడి ఏకాంబరానికి నెత్తి వెనక కుట్లు పడ్డాయట. ఇంకెక్కడైతే జుట్టు కప్పేస్తుంది, ఈడైతే కనపడతాది నాయనా అంది. ఇన్నేళ్ళకు ముఖం మారిపోయి ఉంటుంది, మచ్చ యాడికి పోతుంది అంది.

మధ్యాహ్నం దాకా నిలబడ్డారు. ఎండ నేరుగా నెత్తిన కొడుతోంది. ఆమె పమిట కొంగు తల మీద వేసుకుంది గానీ కదల్లేదు. ప్రతాప్ ఇక తట్టుకోలేకపోయాడు.

"పెద్దమ్మా, ఆ సినిమాలో సూపించింది నిజం కాదు. అసలు కత పుస్తకంలో ఉండేదే. దాంట్లో కొడుకు రాడు. వీళ్ళు కల్పించినారు."

వరదమ్మ అతని వైపు తిరిగి నిదానంగా చూసింది. కోపం లేదు.

"పుస్తకం ముందు రాసినారా, సినిమా ముందు తీసినారా?"

"పుస్తకమే ముందు. ఎప్పుడో రాసింది."

"అదే నాయనా" అంది వరదమ్మ. "వాళ్ళు పుస్తకం రాసేటప్పటికి వాడింకా వచ్చిండడు."

మళ్ళీ జనం వైపు తిరిగింది.  ఒక నడివయసు మనిషి బిడ్డను చంకనేసుకుని దాటిపోయాడు. ఆమె పరుగులాంటి నడకతో అతని వెనక పోయి, చూసి, తిరిగొచ్చి తన చోట నిలబడింది. ప్రతాప్ తాను కూడా వెనక తలలే చూస్తున్నట్టు గమనించుకుని చూపు తిప్పుకున్నాడు. కాసేపటికి మళ్ళీ చూశాడు.

అన్నదానం సత్రంలో బలవంతాన నాలుగు ముద్దలు తినిపించి, ఆమెను కిందికి తీసుకొచ్చి, చిత్తూరు బస్సెక్కించి ఇంటి దాకా వెంట వెళ్ళాడు. ఆమె ఇంట్లోకి పోతూ, వచ్చే శనివారం ఇంకొంచెం పెందలాడే పోదాం నాయనా అంది. అతను సరేనన్నాడు.

అక్కణ్ణించి అంగడికి వెళ్ళాడు. బాలచంద్ర ఒక్కడే ఉన్నాడు. కొండ మీద ఏం జరిగిందని అడగలేదు. ప్రతాప్ చెప్పలేదు.

"అన్నం తినిందా?" అన్నాడు బాలచంద్ర.

"తినింది."

బాలచంద్ర తలూపి, కొత్తగా వచ్చిన తానులు విప్పి అరల్లో సర్దుకోసాగాడు. ప్రతాప్ ఒక తాను అందుకుని అతనికి అందించాడు. అటుతర్వాత వాళ్ళిద్దరూ ఆ కథ మాట ఎత్తలేదు. శనివారాలు మాత్రం ప్రతాప్ పోతూనే ఉన్నాడు.