తొమ్మిది వేల బైట్ల మూట

తడి దుప్పటి కొస పట్టుకుని దులుపుతూ, చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని, రౌటరులో ఏం కొట్టాలో ఆమె ఒక్కొక్క అక్షరమే చెబుతోంది. అవతల పుస్తకాలచ్చేసే ప్రెస్సులో ఆమె భర్త కీలు నొక్కుతున్నాడు. పక్కన మనుషులుంటే అతను ఆమెతో గొంతు తగ్గించి మాట్లాడతాడు.

"సర్వర్లో మూట సైజు తొమ్మిది వేల బైట్లు పెట్టమన్నావు. రౌటరు పోర్టు దగ్గర ఇంకో పద్దెనిమిది ఎందుకు?"

"సరుకు తూకం వేరు, గోనెతో కలిపి తూకం వేరు. ఆ రౌటరు గోనెతో కలిపి తూస్తుందండీ."

"ఓహో" అన్నాడతను. రెండు క్షణాలకి అవే మాటలు, అదే గోనెతో సహా, అతని గొంతులో ధీమాగా ఇంకెవరికో వినిపించాయి. ఆమెకి నవ్వొచ్చింది. మాట బాగా కుదిరింది మరి, ఎవరి నోట పలికితేనేం అనుకుని దుప్పటి తీగమీద వేసింది.

నెట్‌వర్కు సామాన్లు అమ్మి బిగించే దుకాణం భర్తదీ మరిదిదీ. తల మాత్రం ఆమెది. పదకొండేళ్ళుగా ప్రతి కస్టమరు ఇంట్లోకీ ఆమె మాట వెళ్ళింది, మనిషి వెళ్ళలేదు. "ఇంట్లో కూర్చుని నాలుగు ముక్కలు చెబుతుంది" అని భర్త బంధువుల దగ్గర ముచ్చటగా అంటాడు. ఆ నాలుగు ముక్కలకోసం ఆమె పిల్లని బడికి పంపాక, గిన్నెలు తోమాక, పాత రౌటరొకటి వంటగది గట్టుమీద పెట్టుకుని ఎన్ని గంటలు కుస్తీ పట్టిందో ఎవరూ లెక్క అడగలేదు. ఆమె మాత్రం లెక్క తప్పే మనిషి కాదు. ఈ ప్రెస్సు పని కూడా అలాగే తూచి చూసింది. పేజీల బొమ్మలున్న ఫైలు ఒక్కోటి బండెడుంటుంది. అది మామూలుగా పదిహేను వందల బైట్ల చిన్న చిన్న మూటలై పోతుంది. ప్రతి మూటకీ చిరునామా చీటీ, ప్రతి మజిలీలో ఆ చీటీ చదవడం. మూట ఆరింతలు చేస్తే చీటీలు ఆరోవంతుకి దిగుతాయి. అయితే దారిలో ప్రతి గుమ్మం అంత వెడల్పూ ఉండాలి. ఒక్కటి ఇరుకైనా, అక్కడ మూటని చెప్పాపెట్టకుండా పారేస్తారు.

పదకొండింటికి మరిది ఫోన్ చేశాడు. "వదినా, కొంప మునిగింది. చిన్న ఫైళ్ళు చేరుతున్నాయి, పెద్దవి మొదలై ఆగిపోతున్నాయి. నాలుగింటికి బడిపుస్తకాల అచ్చు ప్లేట్లు సిద్ధం కాకపోతే ఇక మన ముఖం చూడనంటున్నాడు మేనేజరు. పాత సైజే పెట్టేద్దామా?"

"పాతదైతే ప్లేట్లు రేపటికిగానీ రావు. నేనొస్తున్నా."

భర్త ఫోన్ లాక్కున్నాడు. "నువ్వెందుకు? చెప్పు, నేను కొడతాగా."

"చూడని దారికి ఎన్నిసార్లు చెప్పినా ఇంతేనండీ."

అత్తగారు గుమ్మంలో నిలబడి ఉంది. "మగాళ్ళిద్దరున్నారుగా అక్కడ! పొయ్యిమీద గిన్నె ఎవరు చూస్తారు?"

"పది నిమిషాలాగి దించండి, అత్తయ్యా."

"నేనా?" అంది ఆవిడ, ఆ గిన్నెని జీవితంలో మొదటిసారి చూస్తున్నట్టు.

ప్రెస్సులో ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. రౌటరు ముందు కూర్చుని, "ముక్కలు చెయ్యొద్దు" అనే షరతు పెట్టి పెద్ద మూటొకటి సర్వరుకి పంపింది. జవాబు వచ్చింది. ప్లేట్లు తీసే యంత్రానికి పంపింది. నిశ్శబ్దం. తగ్గించి పదిహేను వందల లోపు పంపింది. వచ్చింది. అంటే ఇరుకు గుమ్మం రౌటరుకీ యంత్రానికీ మధ్యే ఉంది. కాగితం మీద గీసిన పటంలో ఆ మధ్య ఒక్క తీగ తప్ప ఏమీ లేదు. ఆమె లేచి, ఆ తీగని వేలితో తడుముకుంటూ గోడ వెంట నడిచి, యంత్రం వెనక బల్ల కిందకి దూరింది.

"బట్టలు మాసిపోతాయే!" అన్నాడు భర్త.

"ఉతికేది నేనేగా."

బల్ల కింద దుమ్ములో అగ్గిపుల్ల తలలంత లైట్లతో, కేబుళ్ళు కలిపే చిన్న స్విచ్చి పెట్టె ఒకటి మినుకుమంటోంది. మరిది తల గోక్కున్నాడు. "అదా... పోయినేడు కేబులు పొట్టిదైతే నేనే అతికించా వదినా. ఇంతోటి దానికి పటంలో ఎందుకులే అనుకున్నా."

ఆమె కోప్పడలేదు. పదిహేను వందలకి మించి పట్టని ఆ ఇరుకు గుమ్మాన్ని ఊడబీకి, రౌటరు నుంచి యంత్రందాకా ఒకటే పొడుగు కేబులు లాగింది. భర్త అవతలి కొస పట్టుకున్నాడు. మళ్ళీ పెద్ద మూట పంపింది. జవాబులు వరసకట్టి తెరమీద దిగాయి. ఎక్కడా తొట్రుపాటు లేదు. ఆపరేటరు ఫైలు వదిలాడు, టీ కప్పు పెదవిదాకా తెచ్చేలోపే అది చేరిపోయింది. అతను కప్పు దించేసి తెరవంక చూస్తూ ఉండిపోయాడు. రెండున్నరకల్లా మొదటి ప్లేటు వెచ్చగా బయటికొచ్చింది.

మేనేజరు కళ్ళజోడు పైకి నెట్టుకున్నాడు. "ఇంతకీ ఎవరు పట్టుకున్నారయ్యా దీన్ని?"

"మేమే సార్" అన్నాడు భర్త. "మా ఆవిడ కాస్త సాయం చేసింది."

ఆమె చేతుల దుమ్ము దులుపుకుంది. కాస్త. ఎన్నేళ్ళ కాస్తలు కలిపితే ఒక మనిషి అవుతుంది? పొద్దున గోనె మాట అతని నోట విన్నప్పుడు నవ్వుకుంది. ఇప్పుడు నవ్వు రాలేదు. కోపమూ రాలేదు. తప్పు తూకం కళ్ళపడ్డాక ఊరుకుంటే తప్పు తనదవుతుంది.

"సాయం చేసింది ఆయనండీ, కేబులు పట్టుకున్నారు. పని నేను చేశాను."

మరిది నేలచూపులు చూశాడు. మేనేజరు ఆమెవైపు తిరిగాడు. ఆ తిరగడం కుర్చీతో సహా. "అయితే మిగతా గదుల్లోనూ ఇలాంటివి దాక్కుని ఉంటాయా, మేడమ్?"

"చూడకుండా చెప్పను. ఇకమీదట ఏ పనీ చూడకుండా చెప్పను. ఆ తలుపు తియ్యండి, అక్కణ్ణుంచి మొదలుపెడదాం." కాగితం, పెన్సిలు అందుకుని ఆమె భర్తవైపు చూసింది. "అత్తయ్యకి ఫోన్ చెయ్యండి. నాకు ఆలస్యమవుతుంది."

అతను ఫోన్ తీశాడు. వేలు నంబరు మీద ఆగింది. "ఏమని చెప్పను?" అన్నాడు, ఈసారి గొంతు తగ్గించకుండా.

"పనిలో ఉన్నానని."