మందు అన్న మాట

తాగుడు మానిపించే ఆ కేంద్రంలో కంప్యూటర్ల పని చూసే ఆమెను అందరూ గేటమ్మ అనేవాళ్లు. కేంద్రంలో ఉన్నవాళ్ల ఫోన్లలోనూ, నయమై ఇంటికెళ్లినవాళ్లకు కేంద్రమే ఇచ్చి పంపిన ఫోన్లలోనూ ఏ పేజీ తెరుచుకోవాలి, ఏది తెరుచుకోకూడదు అని చూసే ఫిల్టర్ ఆమె చేతిలో ఉండేది. ఎవరు ఏం చూడబోయారో, ఫిల్టర్ ఎవరికి ఎక్కడ అడ్డం పడిందో ఆమె ముందున్న డ్యాష్‌బోర్డులో రంగురంగుల పట్టీలుగా కనిపిస్తూ ఉండేది. అలా నయమై వెళ్లినవాళ్లలో ఆమె తమ్ముడు కూడా ఒకడు. ఇప్పుడు అక్క ఇంట్లోనే ఉంటున్నాడు. చలికాలం నుంచి చుక్క ముట్టలేదు. వెనక తల్లీ తండ్రీ లేరు కాబట్టి ఆమెకు ప్రాణమంతా వాడి మీదే.

ఆ రోజు పొద్దున్నే కేంద్రం నడిపే పెద్దాయన ఎవరిదో ఫోన్ పట్టుకుని అగ్గిమీద గుగ్గిలమవుతూ ఆమె గదిలోకి వచ్చాడు. వంట వీడియో మధ్యలో బ్రాందీ ప్రకటన వచ్చిందట.

"ఏంటమ్మా ఇది? మనం ఇక్కడ మానిపిస్తుంటే వీళ్లు అందులోంచి పోయిస్తారా?"

"కొత్త సైటు సార్. మన లిస్టులో లేదు."

"సైట్ల వెనక ఎంతకాలం పరిగెడతావు? మాటనే ఆపెయ్. మందు అన్న మాట ఎక్కడ కనపడినా సరే, పేజీ తెరుచుకోకూడదు."

గేటమ్మ కాదనలేదు. మన భాషలో జబ్బు తగ్గించేదీ మందే, జబ్బు తెచ్చిపెట్టేదీ మందే. ఈ సంగతి ఆమెకు తెలియక కాదు, ఆ గాభరాలో తట్టలేదు. కుర్చీ వెనకే నిలబడి పెద్దాయన మెడ మీద ఊపిరి వదులుతుంటే ఎవరికి మాత్రం ఏం తడుతుంది? నిషేధించిన మాటల పట్టికలో మందు అని కొట్టి సేవ్ నొక్కింది. పెద్దాయన శాంతించి టీ తాగడానికి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నానికి మద్యం అన్న శీర్షిక కింద ఎర్ర పట్టీ చూస్తూండగానే పెరిగిపోయింది. మొదట గేటమ్మకు కాస్త గర్వంగానే అనిపించింది. ఇంతమంది దొంగచాటుగా ఇవే వెతుకుతున్నారన్నమాట అనుకుంది. ఎవరి ఫోన్‌లో ఎన్నిసార్లు అడ్డుపడిందో చూద్దామని ఇంకో మీట నొక్కింది. అన్నిటికంటే పొడుగు పట్టీ తమ్ముడిది.

 ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఆ పట్టీ మీద ఒక్క నొక్కు నొక్కితే వాడు ఏ పేజీ చూడబోయాడో తెలిసేది. అదే పనిగా జీతం తీసుకునే మనిషి, సొంత తమ్ముడి దగ్గరకొచ్చేసరికి ఆ ఒక్క నొక్కు మరిచిపోయి ఫోన్ అందుకుంది.

"ఏం చేస్తున్నావురా?"

"అక్కా, నేనే నీకు చేద్దామనుకుంటున్నా. పొద్దున్నుంచీ..."

"పొద్దున్నుంచీ నువ్వేం వెలగబెడుతున్నావో నా కళ్లముందే ఉంది. సిగ్గుగా లేదూ? ఇంతకాలం పడ్డ కష్టమంతా మట్టిపాలు చేస్తావా?"

"అది కాదక్కా, ఒక్కసారి నేను చెప్పేది విను."

"వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి. నీ మొహం నాకు చూపించకు."

అవతల లైన్ కట్టయింది.

కోపంతో వచ్చిన కన్నీళ్లను చున్నీతో తుడుచుకుని, సాయంత్రం వాడి మొహాన కొట్టడానికి ఆధారం ఉండాలని అప్పుడు ఆ పట్టీ మీద నొక్కింది. వాడు తెరవబోయింది ఒకే ఒక్క పేజీ. కేంద్రంలోని కౌన్సెలర్ మేడంకి మెసేజ్ రాసుకునే పేజీ. ఫిల్టర్ ఆపిన మాటలన్నీ కింద వరసగా ఉన్నాయి.

"మేడం, లేచిన దగ్గర్నుంచీ మందు గుర్తొస్తోంది. ఏం చెయ్యమంటారు?"

"మందు షాపు దాకా వెళ్లి వెనక్కి వచ్చాను మేడం. చేతులు వణుకుతున్నాయి."

"మందు సంగతి అక్కతో చెప్పాలంటే భయంగా ఉంది. మీరైనా పలకండి."

గేటమ్మ మిగతా పట్టీలూ నొక్కింది. అన్నీ ఆ బాపతే. ఒకరు నిద్రమందు అయిపోయిందని రాశారు. ఒకాయన భార్య, ఆయన ఇంట్లో వదిలేసిన ఫోన్‌లోంచి, ఈయన మందు కొనడానికి బయల్దేరాడు, ఎలాగైనా ఆపండి అని రాసింది. ఒక్కటీ గడప దాటలేదు.

ఆ మాట తీసేద్దామని పట్టిక తెరవబోయింది. డ్యాష్‌బోర్డుకు ఫిల్టర్ అడ్డు లేదు గానీ, పట్టిక మిగతా పేజీల్లాగే ఫిల్టర్ దాటి తెరుచుకోవాలి, అందులో మందు అని ఉంది. ఫిల్టర్ తన పని తాను చేసింది. మీ మేలు కోరి ఈ పేజీని ఆపాం అన్న తెల్ల కాగితం లాంటి పేజీ వచ్చి నిలబడింది. ఆ వాక్యం కూడా ఆమె రాసిందే. మళ్లీ నొక్కింది, మళ్లీ అదే. తమ్ముడికి ఫోన్ చేసింది. స్విచాఫ్. ఫిల్టర్ అమ్మిన కంపెనీకి చేస్తే, మీ కాల్ మాకెంతో ముఖ్యం అంటూ పాట వేశారు.  పక్క గదిలోకి పరిగెత్తింది.

"మేడం, పొద్దున్నుంచీ మీకు మెసేజ్‌లేమైనా వచ్చాయా?"

కౌన్సెలర్ పుస్తకం లోంచి తలెత్తింది. "ఒక్కటీ లేదు. ఇవాళ అందరూ బాగున్నారని సంతోషిస్తున్నా."

"ఎవరూ బాగాలేరు మేడం. నేనే ఆపేశాను. అందరికీ ఫోన్లు చెయ్యండి, నోటితో మాట్లాడండి. నేను ఇంటికెళ్తున్నా."

బస్సు ప్రతి స్టాపులోనూ తీరిగ్గా ఆగింది. సందు మొదట్లో దిగి, మందు షాపు ముందు నిలబడ్డ వీపులన్నీ చూసుకుంటూ పరిగెత్తింది. సన్నటి వీపు ప్రతిదీ వాడిదే అనిపించింది, ఒక్కటీ వాడిది కాదు. లేకపోతే మేలే కదా అని తనకు తానే చెప్పుకుంది. నమ్మలేదు. ఇవాళ్టికి గట్టెక్కించు దేవుడా, జన్మలో మళ్లీ ఎవర్నీ పల్లెత్తు మాట అనను అని పైకే అనుకుంటూ మెట్లెక్కింది.

తలుపు దగ్గరగా వేసి ఉంది. తమ్ముడు వంటగదిలో ఫ్రిజ్‌కి ఆనుకుని నేలమీద కూర్చున్నాడు. పక్కనే సీసా. సగం ఖాళీ. గ్లాసు కూడా తీసుకోలేదు.

ఆమె ఎదురుగా నేలమీదే కూలబడింది. వాడే మాట్లాడాడు. "నేను చెప్పుకోవాలనే చూశానక్కా."

"తెలుసురా. నీ మెసేజ్‌లన్నీ చదివాను."

వాడు బరువుగా తలెత్తి చూశాడు. "చదివి కూడా తిట్టావా?"

అబద్ధం చెప్పాలన్నా ఆమెకు నోరు రాలేదు. "తిట్టాక చదివాను."

వాడికి కోపం రాలేదు. వస్తే ఆమెకు కొంచెం తేలికగా ఉండేది. గోడకేసి చూస్తూ, "నువ్వు ఫోన్ చేసినప్పుడు షాపు నుంచి అప్పుడే తిరిగొచ్చానక్కా," అన్నాడు. "అప్పటికి ఉత్త చేతుల్తోనే వచ్చా."