కిష్టప్ప చేతి మీద లేని పచ్చబొట్టు

ఒక మనిషి చేతి మీద పచ్చబొట్టు ఉందని రాయడం సులువు. లేదని దరఖాస్తు రాయడం కష్టం. లేదంటే, మరి ఉందని ఎవరన్నారు, ఎందుకన్నారు అని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు కిష్టప్ప దగ్గర ఉంది గానీ అది కాగితం మీద పెట్టదగినది కాదు.

తొంభైతొమ్మిదిలో, ఎండలు ముదురుతున్న రోజుల్లో, ఒక ఆదివారం పొద్దున అతను మా గుమ్మం ముందు నిలబడ్డాడు. ఇస్నాపూర్‌లో మా ఇంటి వెనక వరసగా నాలుగు కిరాయి గదులున్నాయి. ఒకదాంట్లో కిష్టప్ప, అతని భార్య శివమ్మ. పక్కదాంట్లో సంగప్ప ఒక్కడే. అతని భార్య ఊళ్లో ఉంటుంది. మగవాళ్లిద్దరూ నారాయణఖేడ్ వైపువాళ్లు, బావా అంటే బావా అనుకుంటారు. ఆరేళ్లుగా బొల్లారంలో ఒకే మందుల కంపెనీలో కాంట్రాక్టు పని.

"సారూ, గీ కార్డు జెర సూడుండ్రి. ఇండ్ల తప్పు పడ్డది."

తప్పులు దిద్దడం నా వృత్తి. పైగా ప్రతి ఏటా మా బడిలో పదో తరగతి పిల్లలను వరసలో నిలబెట్టి వాళ్ల పుట్టుమచ్చలు పరీక్ష ఫారాల్లో రాసేది నేనే. అందుకే నా దగ్గరికి వచ్చాడు. కార్డు తీసుకున్నాను. ఇంగ్లీషులో అచ్చువేసిన పచ్చ అట్ట. పేరు, టోకెన్ నంబరు, కింద గుర్తింపు చిహ్నాలు. అక్కడ 'కుడి చేతి మీద పచ్చబొట్టు' అని ఇంగ్లీషులో రాసి, ఆ పచ్చబొట్టు ఎలా ఉందో అలాగే తెలుగులో గుండ్రంగా దింపారు. నర్సింహమ్మ.

"నీ చెయ్యి చూపించు."

చూపించాడు. మోచేతి దాకా కడిగిన పలకలా ఉంది.

"నర్సింహమ్మ ఎవరు?"

"సంగప్ప పెండ్లాం సార్."

నేను కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాను. ఆలోచించడానికి కాస్త సమయం కావలసినప్పుడు ఉపాధ్యాయులు చేసే పని అది.

సంగతి ఇది. కంపెనీ సరుకు కొనే విదేశీయులు తనిఖీకి వస్తున్నారు. ఈలోగా పాత కాంట్రాక్టు మనుషుల్లో ఎనిమిది మందిని పర్మినెంటు చేస్తారు. ఆ ఎనిమిది మందిలో వీళ్లిద్దరి పేర్లూ ఉన్నాయి. షరతు ఒక్కటే. ధనుర్వాతానికి, టైఫాయిడుకు, రక్తం ద్వారా అంటుకునే కామెర్లకు టీకాలు వేయించుకుని, సోమవారం షిఫ్టుకు కార్డు టైం ఆఫీసులో ఇవ్వాలి. మా వీధి చివర క్లినిక్కులో డాక్టర్ ఇస్మత్ మూడూ ఒకే పూట వేస్తుంది. డబ్బు కంపెనీదే. కార్డు ఇవ్వనివాడి చోట తొమ్మిదోవాడు వస్తాడు.

కిష్టప్ప యాసిడ్ డ్రమ్ములు దొర్లిస్తాడు. మరుగుతున్న రియాక్టరు మూత దగ్గర బీడీ గురించి ఆలోచించేంత ధైర్యస్థుడు. సూదికి మాత్రం భయపడతాడు. మూడో తరగతిలో టీకాలవాళ్లు బడికి వస్తే జొన్నచేలో దూరాడట. అక్కడ పాము కనిపించిందట. పాము దగ్గరే ఉండిపోయాడట.

అతని కష్టం చూడలేక సంగప్ప ఒక మాట ఇచ్చాడు. ఆ కంపెనీలో ఒక ఆనవాయితీ ఉంది. బస్సు దిగి ముందు గేటు చేరినవాడు వెనక వచ్చే ముగ్గురు నలుగురి హాజరు కార్డులు కూడా గడియారం మిషనులో కొట్టేస్తాడు. ఆరేళ్లుగా కిష్టప్ప కార్డు సంగప్ప, సంగప్ప కార్డు కిష్టప్ప కొడుతున్నారు. ఎవరికీ ఏమీ కాలేదు. 'గిది సుత కార్డే గద బావా. నీది సుత నేనే కొట్టుకొస్త' అన్నాడు సంగప్ప. కార్డు మీద ఫోటో లేదు. టీకా వేసేది చేతికి గాని మొహానికి కాదు.

శనివారం పొద్దున పది గంటలకు సంగప్ప తన చొక్కాతో, తన కార్డుతో వెళ్లి మూడు సూదులు పొడిపించుకు వచ్చాడు. మధ్యాహ్నం కిష్టప్ప చొక్కా తొడుక్కుని, మంకీ టోపీ పెట్టుకుని, కిష్టప్ప కార్డుతో మళ్లీ వెళ్లాడు. ఆ ఎండలో మంకీ టోపీ.

చొక్కా మార్చాడు, తల మార్చాడు. చెయ్యి మార్చడం మరిచాడు. డాక్టరమ్మ దాని మీద ఉన్నదే గుర్తుల గడిలో రాసింది. ఒకే కంపెనీలో ఇద్దరు మగవాళ్ల కుడి చేతుల మీద ఒకే ఆడమనిషి పేరుంటే టైం ఆఫీసు అడగక మానదు.

నా గొంతు విని సంగప్ప కూడా వచ్చాడు. రెండు చేతులూ ఒంటికి తగలకుండా, నీళ్లలో పడి లేచిన కోడిలా ఎడంగా పట్టుకుని నడుస్తున్నాడు.

"చాలా నొప్పిగా ఉందా?" అన్నాను.

"పొద్దుగాల ఏసినయి సుర్రుమన్నయి సార్. పగటీలి ఏసినయి మాత్రం ఏం తెల్వలే. డాక్టరమ్మ అటు తిరుగుమన్నది. స్పిరిట్ రుద్దింది. గిచ్చినట్టయింది, గంతే."

"గిచ్చినట్టా?"

"అచ్చం గిచ్చినట్టే, సూదికొక్కసారి. మూడు మాట్ల. గోర్లతోని గిచ్చినట్టు. ఆమె చెయ్యి బంగారం సార్."

నేను కార్డు మళ్లీ చూశాను. మూడు టీకాల పేర్లూ అచ్చులో ఉన్నాయి. వాటి ఎదురుగా తేదీ వేయవలసిన చోటు ఖాళీ. సంతకం చేయవలసిన చోటు ఖాళీ. డాక్టర్ ఇస్మత్ నింపింది కింది గడి ఒక్కటే. అది మాత్రం ఎంతో శ్రద్ధగా నింపింది.

ఈ సంగతి నేను గమనించాను. వాళ్లతో చెప్పలేదు. ఇరవై ఆరేళ్ల సర్వీసులో, ఖాళీ జవాబు పత్రం ఇచ్చిన పిల్లవాడికి అది ఖాళీగా ఉందని ముందుగా చెప్పే అలవాటు నాకు లేదు.

కాగితం తీసుకుని మొదలుపెట్టాను. 'అయ్యా, నా కార్డులో చూపిన పచ్చబొట్టు నా చేతి మీద లేదు.' చదివి వినిపించాను.

"మంచిగుంది సార్" అన్నాడు కిష్టప్ప.

"మరి ఎవరి చేతి మీద ఉందని అడిగితే?"

"కొట్టేయుండ్రి."

'అయ్యా, నా పచ్చబొట్టు నిన్న ఉండి, ఈ రోజు చెరిగిపోయింది.'

"గిది నమ్ముతరా సార్?"

"నువ్వు నమ్ముతావా?"

"కొట్టేయుండ్రి."

మూడో దరఖాస్తు దగ్గర శివమ్మ వచ్చింది. చేతులకు జొన్నపిండి ఉంది. ఐదో తరగతి దాకా చదువుకుంది. ఇంగ్లీషు రాదు గానీ, అంత ఇంగ్లీషు మధ్యలో ఉన్న ఒక్క తెలుగు మాట ఆమె కంటపడకుండా ఎలా ఉంటుంది?

"నర్సింహమ్మ? నీ కార్డుల ఆమె పేరెందుకున్నది?"

కిష్టప్ప సంగప్పను చూశాడు. సంగప్ప నన్ను చూశాడు. నేను దరఖాస్తును చూశాను. చివరికి సంగప్పే చెప్పాడు. అంతా విని శివమ్మ నడుం మీద పిండి చేతులు పెట్టుకుంది.

"ఆరేండ్ల సంది దినకూలోని లెక్కన పోతున్నవు. రేపటితోని పర్మినెంటు. మూడు సూదులకు బుగులు వట్టి నౌకరి ఇడుస్తవా? ఊళ్లె మా అవ్వకేం జెప్పాలె? పామునైతే పట్టుకుంటడు గని సూదిని సూస్తె పారిపోతడని జెప్పాల్నా?"

"పామును పట్టలే. ఊకె దాని పక్కన కూసున్న" అన్నాడు కిష్టప్ప.

సంగప్పకు ఇంకో ఆలోచన వచ్చింది. అతనికి ఆలోచనల కొరత ఎప్పుడూ లేదు. "బావా, ఇస్మాయిల్‌ఖాన్‌పేట గుడి కాడ ఐతారం నాడు పచ్చబొట్లు పొడిచే ఆమె కూసుంటది. ఇప్పుడు వోతె పొద్దుమీకి వరకు వస్తం. నా పెండ్లాం పేరే పొడిపిచ్చుకో. నాకేం ఫరక్ లేదు."

"నాకున్నది" అంది శివమ్మ.

కిష్టప్ప మాత్రం ఆశగా చూశాడు. "దేంతోని పొడుస్తరు బావా?"

"సూదితోనే."

"ఎన్ని పోట్లు?"

ఈ లెక్క నా వంతు అయింది. "నాలుగక్షరాలు. రెండు ఒత్తులు, ఒక గుడి, ఒక సున్న. మొత్తం ఎనిమిది. ఒక్కోదానికి యాభై చొప్పున వేసుకున్నా నాలుగు వందలు" అన్నాను. "అక్కడ నాలుగు వందలు. డాక్టరమ్మ దగ్గర మూడు."

కిష్టప్ప మెట్టు మీద కూర్చున్నాడు. శివమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గాని ఆగలేదు, పడి పడి నవ్వింది. సంగప్ప నవ్వబోయి చేతులు కదిలి అబ్బా అన్నాడు. నా భార్య ఇందిర పోయి అప్పటికి ఐదు నెలలు. ఆ ఐదు నెలలూ కిరాయివాళ్లు మా వాకిట్లో గొంతు తగ్గించి మాట్లాడేవాళ్లు. ఆ పొద్దున మరిచిపోయారు. నేను గుర్తు చేయలేదు.

ఆదివారం క్లినిక్కు ఒంటిగంట దాకానే. నలుగురం బయల్దేరాం. శివమ్మ కిష్టప్ప వెనక నడిచింది. ఆ దారిలో జొన్నచేలు లేవు గానీ సందులున్నాయి.

డాక్టర్ ఇస్మత్‌కు యాభై ఏళ్లుంటాయి. నవ్వకుండా మాట్లాడుతుంది. మమ్మల్ని చూసి, సంగప్పతో, "ఆవో కిష్టప్పా. నొప్పి తగ్గిందా?" అంది.

"నేను కిష్టప్పను కాదమ్మా, సంగప్పను."

"మరి నిన్న పగటీలి మంకీ టోపీ పెట్టుకొని వచ్చిందెవరు?"

సంగప్ప గోడ మీది క్యాలెండరు చదవడం మొదలుపెట్టాడు.

"పొద్దుగాల నేను పెట్టిన దూది పగటీలి సుత నీ చెయ్యికే ఉండె భాయ్. తీసెయ్యాలన్న అకల్ కూడ లేదా? ఒక్కరోజే ఒక్క మనిషికి రెండుసార్ల మందు ఎక్కిస్తనా? నాకేమన్న పాగల్ లేసిందా?"

"మరి నాకు మూడు మాట్ల..." అని సంగప్ప చెయ్యి తడుముకున్నాడు.

"గిచ్చిన" అంది డాక్టరమ్మ.

శివమ్మ మళ్లీ కొంగు అడ్డం పెట్టుకుంది. డాక్టరమ్మ సొరుగులోంచి ఒక కొత్త కార్డు తీసి బల్ల మీద పెట్టింది. "ఇప్పుడు అసలు కిష్టప్ప కూసో."

కిష్టప్ప కూర్చోలేదు. బేరం పెట్టాడు. "ఇయ్యాల ఒకటి వెయ్యుండ్రి అమ్మా. ఇంకోటి వచ్చే ఐతారం. ఇంకోటి దసరా అయినంక."

"మూడు రోజులు వస్తే మూడు రోజులు భయపడతవు. ఒక్కరోజు వస్తే ఒక్కటే భయం. మూడూ కలిపి ఇస్తే ఏం కాదు. ఒక చెయ్యికి రెండు, ఒక చెయ్యికి ఒకటి. రాత్రికి జెర ఒళ్లు ఎచ్చగయితది, రెండు రోజులు చెయ్యి గుంజుతది. రేపు కార్డు ఇయ్యాల్నా, వద్దా?"

"ఇయ్యాలె."

"మరి?"

అతను కదల్లేదు. నిజంగానే కదల్లేకపోయాడు. మెడ మీద చెమట కనిపించింది. అప్పుడు డాక్టరమ్మ నా వైపు తిరిగింది.

"సార్, మీరు ధనుర్వాతం సూది ఎప్పుడు తీసుకున్నరు?"

"తెలియదు. ఆ కాగితాలన్నీ ఇందిర చూసుకునేది."

ఆమె కొత్త సూది విప్పింది. తర్వాత, "చొక్కా చెయ్యి పైకి మడవండి" అంది. ఇంకేమీ అనలేదు. అందుకు ఆమెకు నేను ఇప్పటికీ కృతజ్ఞుణ్ణి.

నా సూది అయిపోయాక కిష్టప్ప వంగి నా చెయ్యి పరీక్షగా చూశాడు. "నొచ్చిందా సార్?"

అబద్ధం చెప్పే అలవాటు లేదు. "నొచ్చింది. చీమ కంటే ఎక్కువ, తేలు కంటే తక్కువ."

"ఆ రెండిట్ల దేనికి దగ్గర సార్?"

"చీమకే."

కూర్చున్నాడు. కళ్లు గట్టిగా మూసుకున్నాడు. డాక్టరమ్మ స్పిరిట్ రుద్దుతూ, తీరిగ్గా, "కొత్త కార్డుల గుర్తులు రాయాలె. మచ్చలు గిట్ల ఏమున్నయి?" అంది.

"నాకేం లేవు."

"లేవంటడేంది!" అంది శివమ్మ. "బెల్లం రంగు మచ్చ ఉన్నది డాక్టరమ్మా. రూపాయి బిళ్లంత. కుడి తొడకు, ఎనక దిక్కు, బాగ పైకి."

కిష్టప్ప కళ్లు తెరిచి ఆమె వైపు తిరిగాడు. "ఏయ్! సారున్నరు!"

ఒకటి.

"ఉంటేంది? ఉన్నదే జెప్పిన."

"సంగప్ప ఇంటున్నడే! కంపెనీ అంత జెప్తడు!"

రెండు.

"నేనేం ఇనలే బావా" అన్నాడు సంగప్ప. "గింతకు కుడి తొడనా, ఎడమదా?"

"రాయకుండ్రి డాక్టరమ్మా, నీ కాల్మొక్త, గది రాయకుండ్రి!"

"రాసేది తర్వాత. ముందు వేసేది అయిపోయింది" అని డాక్టరమ్మ మూడో దూది అదిమింది.

కిష్టప్ప తన రెండు చేతుల్నీ మార్చి మార్చి చూసుకున్నాడు. తర్వాత మా ముగ్గురినీ చూశాడు. ఎవరో తన జేబు కొట్టి, అందులో పది రూపాయలు పెట్టి పోయినట్టుంది అతని మొహం.

పావుగంట బెంచీ మీద కూర్చోమంది. వెళ్లేటప్పుడు, కామెర్ల టీకా నెల తర్వాత ఒకటి, ఆరు నెలల తర్వాత ఒకటి, ఇంకా రెండు ఉంటాయని చెప్పింది.

"ఇంక ఉన్నయా?" అన్నాడు కిష్టప్ప.

"దానికి సంగప్పన్నను తోలు. ఆయన గిచ్చిపిచ్చుకొని వస్తడు" అంది శివమ్మ.

మర్నాడు సాయంత్రం కిష్టప్ప కంపెనీ బస్సు దిగి నేరుగా మా ఇంటికే వచ్చాడు. చేతులు సంగప్పలాగే ఎడంగా ఉన్నాయి. రాత్రి ఒళ్లు వెచ్చబడిందని, పొద్దునకు తగ్గిందని చెప్పాడు. టైం ఆఫీసులో నరసరాజు అనే గుమాస్తా ఎనిమిది మందినీ లైనులో నిలబెట్టి, కార్డులో ఉన్న గుర్తు మనిషి మీద ఉందో లేదో ఒక్కొక్కరినీ చూశాడట. ఒకరికి గడ్డం మీది గాటు. ఒకరికి చెవి కింది పుట్టుమచ్చ. సంగప్పకు పచ్చబొట్టు.

"నా వంతొచ్చింది సార్. నరసరాజు సార్ కార్డు సదివిండు. నా మొకం సూసిండు. మల్ల కార్డు సదివిండు. ఆడ ఇద్దరు ఆడోళ్లు టైపు కొడుతున్నరు. నౌకరి గద సార్, నేను ఎనకకు తిరిగి, బెల్టు మీద చెయ్యి ఏసిన."

"వేసి?"

"వద్దు వద్దు వద్దు అని ముద్ర గుద్దిండు."

కార్డు నా చేతిలో పెట్టాడు. తొందరలో వేసినట్టున్నారు, ముద్ర సగం గడి బయట పడింది.

"చెల్లుతదా సార్?"

వెలుతురులోకి పట్టుకుని చూశాను. మూడు తేదీలు, మూడు సంతకాలు, ఒక మచ్చ.

"చెల్లుతుంది" అన్నాను.