అన్నానికి దుప్పటి

హెల్త్ ఇన్‌స్పెక్టరు హాస్టల్ వంటింట్లోకి అడుగుపెట్టేసరికే దోషి సిద్ధంగా ఉంది. వార్డెనే తేల్చేసి, గోడ వారగా నిలబెట్టేసింది. వంటావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది. కాళ్ళ దగ్గర దుప్పట్లో కట్టిన సామాను మూట.

"కుళ్ళిన గుడ్లు మేడమ్! రాత్రి తిని చెయ్యి కడుక్కున్నారో లేదో, సగం మంది పిల్లలకి వాంతులు. ఈవిణ్ణి సాయంత్రానికల్లా పంపించేస్తున్నా" అంది వార్డెన్.

పంపిస్తే ఎక్కడికి? వంటింటి వెనక గదే ఆవిడ ఇల్లు. పనితోపాటు గూడూ పోతుంది.

"మూట పక్కన పెట్టండి పెద్దమ్మా. నేనింకా ఏమీ చూడందే ప్రయాణమేమిటి?" అంది ఇన్‌స్పెక్టరు.

ఈ పనిలోనే తల నెరిసిన మనిషి. ఎవరికీ జ్వరం లేదని ఆస్పత్రిలో విన్నప్పుడే గుడ్ల మీద ఆమె అనుమానం సగం పోయింది. గుడ్లు తెచ్చే జబ్బు తీరిగ్గా, జ్వరాన్ని వెంటేసుకుని వస్తుంది. ఇంత తొందరపడదు.

"కులాసాగా ఉన్నవాళ్ళని పిలవండి."

"జబ్బుపడ్డవాళ్ళని కదా అడగాలి?"

"దొంగ ఏ ఇళ్ళు దోచాడో తెలిసిందిగా. ఏ ఇల్లు వదిలేశాడో చూద్దాం."

బొద్దుగా ఉన్న ఒకమ్మాయి నవ్వు ఆపుకుంటూ వచ్చింది. "నేను సన్నబడుతున్నా మేడమ్, రాత్రిళ్ళు అన్నం మానేశా. పప్పు తాగి, నా గుడ్లూ నా పక్కదాని గుడ్లూ లాగించా. గుండ్రాయిలా ఉన్నా."

"మరి పక్కమ్మాయి?"

"అది గుడ్డు ముట్టదు. పప్పన్నమే తింది. రాత్రంతా బకెట్టు వదిలితే ఒట్టు, పాపం!"

ఇన్‌స్పెక్టరు అన్నం గిన్నె వైపు తిరిగింది. మనిషి దాక్కునేంత లోతుంది. అడుగున మిగిలిన అన్నాన్ని పరీక్షకి సీసాలోకి తీయించి, "ఇది ఎప్పుడు వండారు?" అని అడిగింది.

"మధ్యాహ్నమేనమ్మా. ఎవరో పెద్దవాళ్ళొస్తున్నారు, సాయంత్రం నువ్వు హాలు కడగాలి, రాత్రి వంట ముందే కానిచ్చెయ్యమన్నారు వార్డెనమ్మ." వంటావిడ గొంతు తగ్గించింది. "చల్లన్నం పిల్లలకెలా పెట్టను? మూతపెట్టి దుప్పటి కప్పా. వడ్డించేదాకా వెచ్చగానే ఉంది."

"అదే కొంప ముంచింది. బియ్యంలో ఉండే ఒక క్రిమి ఉడికినా చావదు. గంటల తరబడి గోరువెచ్చగా ఉంచితే విషం పుట్టిస్తుంది. మీరు దానికి దుప్పటి కప్పి మరీ పురుడు పోశారు."

వంటావిడ ఘొల్లుమంది. "నా చేతుల్తోనే పెట్టానా తల్లీ!"

"చూశారా! చివరికి తప్పు ఈవిడదేగా?" అంది వార్డెన్.

"దుప్పటి కప్పింది ఈవిడ. వేళ మార్చింది మీరు. అలా చెయ్యకూడదని ఈవిడకి చెప్పినవాళ్ళు లేరు. మూడూ రాస్తాను. ఈవిణ్ణి పంపించేస్తే కొత్తగా వచ్చే మనిషీ మధ్యాహ్నమే వండుతుంది, మళ్ళీ నేనే రావాలి. ఇకనుంచి వడ్డించే ముందే వండాలి. ఏం పెద్దమ్మా?"

"ఒట్టేసి చెబుతున్నానమ్మా."

"అయితే హాలెవరు కడుగుతారు?" అంది వార్డెన్.

"వంట చెయ్యని చేతులు ఇంకో రెండున్నాయిగా" అంది ఇన్‌స్పెక్టరు, వార్డెన్ గాజుల వైపు చూస్తూ.

వార్డెన్ గాజులు వెనక్కి తోసుకుని బయటికి నడిచింది. వంటావిడ కళ్ళు తుడుచుకుని మూట ముడి విప్పసాగింది.

"ఆ దుప్పటి ఇదేనా?"

"ఉన్నదొక్కటేనమ్మా."

"ఉతికి, ఈ రాత్రి మీరే కప్పుకోండి. అన్నానికి చలెయ్యదు."